కారులో చమురు వాసన: కారణాన్వేషణ పద్ధతుల సమీక్ష

కావలి మొదలుకొని తడ వరకు సముద్రతీరమునకు సమాంతరముగా సాగు జాతీయ రహదారిమీదను, దానినుండి తూర్పునకు చీలి మైపాడు, కృష్ణపట్నము, కోట, వాకాడు వైపులకు పోవు దారులమీదను తిరుగు కార్ల యజమానులు మెకానిక్కు షెడ్డునకు తెచ్చు ఫిర్యాదులలో తరచుగా వినవచ్చునదియు, విన్నంతనే అర్థము కానిదియు నగు ఫిర్యాదు ఒకటి కలదు: “బండిలో ఆయిలు వాసన వస్తా ఉంది” అనునది. బ్రేకు పట్టకున్నను, దీపము వెలుగకున్నను, లోపమెచ్చట నున్నదో ఆ లోపమే కొంతవరకు తెలుపును. వాసన యట్లు తెలుపదు. అది పుట్టుచోటు వేరు, మనకు సోకుచోటు వేరు, ఆ రెంటి నడుమ గాలి నడచు త్రోవ కంటికి గోచరింపదు. కావుననే ఒకే ఫిర్యాదునకు ఒక షెడ్డువారు టాపెట్ కవర్ గ్యాస్కెట్టు మార్చుదురు. ఒకరు ఇంజను కడిగింతురు. మరియొకరు ఏసీ విప్పుదురు. తుదకు యజమాని విసిగి పరిమళపు సీసా యొకటి కొని డ్యాష్‌బోర్డుమీద నిలుపును. ధనము వ్యయమగును, వాసన నిలిచియే యుండును.

ఈ వాసనకు గల కారణములను ఒకచోట చేర్చి, వానిని కనుగొనుటకు మనవారు వాడుచున్న పద్ధతుల గుణదోషములను విచారించి, ఏ క్రమమున వెదకినచో పానా పట్టకమునుపే చాలవరకు నిర్ణయము లభించునో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. నా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాను: వాసనను వెదకువాడు మొదట భాగములను గాక, వాసన యొక్క స్వభావమును, అది వచ్చు సమయమును, అది లోనికి ప్రవేశించు మార్గమును పరీక్షింపవలెను, ఈ మూడును తెలిసినపిమ్మట విప్పవలసిన భాగము ఒకటియో రెండో మాత్రమే మిగులును.

వాసనయను సాక్ష్యము

ఆంధ్రదేశమున జనించి తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు గంధమును పృథివీగుణముగా నిరూపించుచు, దానిని సురభి యనియు అసురభి యనియు రెండుగా విభజించెను. శాస్త్రమున కా విభాగము చాలును గాని, షెడ్డులో వాసనను పరీక్షించువానికి చాలదు. కారులో నింపబడు ద్రవములు పెట్రోలు లేక డీజిలు, ఇంజను చమురు, గేరు చమురు, బ్రేకు ద్రవము, కూలెంటు అని పలువిధములు. వీనిలో ప్రతిదానికిని తన వాసన కలదు. అందు కొన్నింటికి పచ్చిగా నున్నప్పుడొకటియు కాలినప్పుడొకటియు వేర్వేరు వాసనలు కలవు. వీని నన్నిటిని ఒకే పేరున పిలిచిన యజమానిని మెకానిక్కు ఇంకను నాలుగు ప్రశ్న లడుగవలెను. అడుగకుండుటయే తరువాతి పొరపాట్లన్నిటికి మూలము.

ఘ్రాణేంద్రియము ఇట్టి పరీక్షకు అసమర్థమైనది కాదు. మానవుని నాసికలో గంధములను గ్రహించు గ్రాహకములు సుమారు 400 రకములు గలవని ఇప్పటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ గ్రాహకముల జన్యువులను కనుగొన్న రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమాన మొసగబడినది. ఐనను ఈ యింద్రియమునకు ఒక స్వభావము కలదు: ఎడతెగక తగులు వాసనను అది కొలది నిమిషములలోనే గుర్తించుట మానును. దినమంతయు కారులో కూర్చుండు డ్రైవరు “ఏమీ లేదే” యనుటయు, అప్పుడే యెక్కిన యిల్లాలు ముక్కు మూసికొనుటయు ఇందువలననే సంభవించును; ఆ యిద్దరిలో ఎవరును అసత్యమాడుట లేదు. కాబట్టి పరీక్ష చేయువాడు బండి నెక్కుటకు మునుపు కొంతసేపు వెలుపలిగాలిలో నిలుచుట, వీలైనచో కారుతో పరిచయము లేని మరియొకరిని తోడు తెచ్చుకొనుట అవసరము. పరిమళపు సీసాను తీసివేసి, ఒక దినము గడచిన తరువాతనే పరీక్ష నారంభింపవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

కారిన చమురు, కాలిన చమురు

ఎంత చమురు కారుచుండునో అంత వాసన వచ్చునని తలంచుట ఈ విషయమున సర్వసామాన్యమైన భ్రమ. తార్కికులు ధూమమునుబట్టి వహ్ని నూహించుట యుక్తమనియు, వహ్నినిబట్టి ధూమము నూహించుట యుక్తము కాదనియు చెప్పుదురు. ఏలయన ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు గాని పొగ లేదు, పొగ పుట్టుటకు తడికట్టెల సంయోగమను ఉపాధి యుండవలెను. మన విషయమునను ఈ వివేచనమే శరణ్యము. చమురు కారుట యొక్కటియే వాసనకు హేతువు కాదు. ఆ చమురు మిక్కిలి వేడియైన లోహమును తాకుట ఒక ఉపాధి, పుట్టిన ఆవిరికి లోపలి గదిలోనికి త్రోవ దొరకుట రెండవ ఉపాధి. ఈ రెండును కూడినప్పుడు ఒక్క చుక్కయే చాలును. కూడనప్పుడు చెంబెడు కారినను వాసన యుండదు.

లెక్కలు చూచినచో ఇది స్పష్టమగును. ఇంజను చమురు ఆవిరులు నిప్పు సోకి మండుటకు 200 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిమి కావలెను. రహదారిమీద వేగముగా నడచుచున్న బండిలో ఎగ్జాస్టు మానిఫోల్డు వేడిమి 400 డిగ్రీలను సులభముగా దాటును. టాపెట్ కవర్ అంచునుండి జారిన చుక్క దానిమీద పడినంతనే పొగయై లేచును. ఇంజను అడుగునున్న ఆయిలు చాంబరు వేడిమి యన్ననో 100 డిగ్రీల పరిసరములయందే యుండును గావున, డ్రెయిన్ ప్లగ్గు దగ్గర కారు చమురు నేలను మరకచేయునే గాని లోపల కూర్చున్నవానికి తెలియదు. అనగా నేలమీది మరకయు లోపలి వాసనయు రెండు వేర్వేరు కారుడుల గుర్తులై యుండవచ్చును; మరకను చూచి చాంబరు గ్యాస్కెట్టు మార్చినవాడు మరకను మాన్పగలడు, వాసనను మాన్పలేడు.

డిప్‌స్టిక్కును నమ్మి “చమురు తగ్గలేదు, కారుట లేదు” అని తీర్మానించుటయు నిట్టి పొరపాటే. మిల్లీలీటరునకు సుమారు 20 చుక్కలు పట్టును. కిలోమీటరున కొక చుక్క చొప్పున 1000 కిలోమీటర్లు కారినను పోవునది 50 మిల్లీలీటర్లు. డిప్‌స్టిక్కుమీది రెండు గీతల నడుమ దూరము అనేక వాహనములలో ఒక లీటరునకు సమీపము. ఆ 50 మిల్లీలీటర్ల తగ్గుదల కంటికి ఆనదు. కిలోమీటరున కొక చుక్క మానిఫోల్డుమీద కాలుట మాత్రము ప్రయాణమంతయు దుర్భరము చేయుటకు చాలును.

వాసనల స్వభావము, సమయము

కాలిన ఇంజను చమురు వాసన ఘాటుగా, గొంతు పట్టునట్లుండును. అది బండి వేగముగా పోవునప్పుడు కంటె, రహదారిమీద చాలదూరము వచ్చి వెంకటాచలము టోల్‌గేటు దగ్గరనో, నెల్లూరు వి.ఆర్.సి. కూడలిలోని దీపము దగ్గరనో ఆగినప్పుడు హెచ్చుగా వచ్చును. ఏలయన పరుగున నున్నంతసేపు గాలి ఆ పొగను వెనుకకు ఊడ్చివేయును, ఆగినతోడనే అది బోనెట్టు వెనుక అంచునుండి పైకి లేచును. టాపెట్ కవర్ గ్యాస్కెట్టు, క్యాంషాఫ్టు సీలు, చమురు పోయు మూత, ఆయిలు ఫిల్టరు రబ్బరు వలయము, టర్బో గల బండ్లలో దాని చమురు పైపు ప్రధానముగా శంకింపదగినవి. సర్వీసు చేయించిన మరునాడే ఈ వాసన పుట్టినచో పోయునప్పుడు ఒలికిన చమురు కాలుచుండవచ్చును. అది కొలది ప్రయాణములలో తానే శమించును. శమింపనిచో, పాత ఫిల్టరు రబ్బరు ఇంజనునకే అంటుకొనియుండగా దానిపై క్రొత్తది బిగింపబడెనేమో చూడవలెను. ఇట్టి జంట రబ్బరు ఉన్నట్లుండి చమురునంతను వెలికి చిమ్మగలదు.

పచ్చి పెట్రోలు వాసన వేరు; ఇది ఆలస్యమును సహింపదు. చమురు ఆవిరులకు 200 డిగ్రీల వేడిమి కావలసియుండగా, పెట్రోలు ఆవిరులు సున్నకు 40 డిగ్రీలు దిగువ నున్నప్పుడే నిప్పు నందుకొనును; నెల్లూరు ఎండలో ఆ మాట వివరింప నవసరము లేదు. ట్యాంకు నింపిన దినముననే వాసన వచ్చి, సగము ఖర్చుకాగానే తగ్గినచో ట్యాంకు పైభాగమున దోషమున్నదని నిశ్చయింపవచ్చును: మూత రబ్బరు, పోయు గొట్టము, లేక పలు కార్లలో వెనుక సీటు క్రింద ఇనుపరేకు మూతచాటున నుండు పంపు వలయము. పంపువాని మీట తానుగా ఆగినపిమ్మట కూడ లెక్క సరిచేయుటకై మరికొంత పోయించుకొను అలవాటువలన, ఆవిరులను పట్టి నిలుపవలసిన బొగ్గు డబ్బాలోనికి ద్రవమే చేరి అది చెడిపోవును. ఉదయము మొదటిసారి స్టార్టు చేయునప్పుడే వచ్చినచో ఇంజెక్టరుల రబ్బరు వలయములను, ఇంధనపు గొట్టములను చూడవలెను. డీజిలు వాసన జిడ్డుగా బట్టలకు పట్టి నిలుచును. దానికి ఫిల్టరు మూతయు, ఇంజెక్టరులనుండి తిరిగి పోవు సన్నని ఓవర్‌ఫ్లో పైపులును సామాన్యస్థానములు.

గేరు చమురులో గంధక భాస్వరముల సమ్మేళనములు చేర్చబడి యుండుటచే దాని వాసన వెల్లుల్లిని తలపించును. ఒకసారి యెఱిగినవాడు మఱవడు. బ్రేకు ద్రవము క్లచ్చు మాస్టర్ సిలిండరునుండి ఊరి పెడల్ వెంట క్రిందికి దిగి కాళ్ళక్రింది చాపను తడుపవచ్చును. చాప నెత్తి వ్రేలితో తాకినచో తెలియును. కూలెంటునందలి గ్లైకాలు తియ్యని వాసన నిచ్చును. దానితోపాటు ముందు అద్దము లోపలివైపున జిడ్డుపొర యేర్పడి, తుడిచినను మరల కమ్ముచు, రేడియేటరు డబ్బాలో మట్టము తగ్గుచుండినచో హీటర్ కాయిలు కారుచున్నదని దాదాపుగా నిశ్చయము.

ఇక చమురుతో ఏ సంబంధమును లేక చమురు వాసనగా పొరబడదగినవి కొన్ని కలవు. క్లచ్చు ప్లేటు కాలినప్పటి వాసన ఇసుకలో చిక్కిన బండి నెక్కించునప్పుడు, మైపాడు తీరమున, అనేకుల కనుభవమే. కుళ్ళిన గ్రుడ్డు వాసన ఎగ్జాస్టులోని క్యాటలిటిక్ కన్వర్టరునుండి వచ్చును. 1995 ఏప్రిల్ నుండి మద్రాసు మొదలగు నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఇది విధింపబడుటతో ఈ వాసన మనప్రాంతపు మెకానిక్కులకును పరిచితమైనది. అన్నిటికంటె జాగ్రత్తగా గమనింపవలసినది వైర్ల ప్లగ్గులలోని ప్లాస్టిక్కు వేడెక్కునప్పుడు పుట్టు వాసన. అది చేపల వాసనను పోలియుండును. చేపల బుట్టలు కారు డిక్కీలో ప్రయాణించు ఈ తీరమున దానిని నిన్నటి చేపల దోషముగా భావించి యుపేక్షించుట సులభము, ఆ యుపేక్ష అగ్నిప్రమాదమునకు ద్వారము. డిక్కీ కడిగి ఆరబెట్టినను మానని చేపవాసనను విద్యుత్తు పనివానికి చూపించియే తీరవలెను.

వాసన లోనికి వచ్చు త్రోవలు

కారు లోపలి గదికి గాలి సహజముగా ప్రవేశించు ద్వారము ముందు అద్దము అడుగున, వైపర్ల క్రింద నుండు జాలీ. బండి నడచునప్పుడు అచ్చట గాలియొత్తిడి హెచ్చుగా నుండుటచే రూపకర్తలు ఆ చోటును ఎన్నుకొనిరి. బండి యాగినప్పుడు అదే చోటు ఇంజను గదినుండి లేచు వేడిగాలికి మార్గమగును. ఏసీలో వెలుపలిగాలిని మూసి లోపలిగాలినే త్రిప్పు మీట నొక్కగానే వాసన తగ్గినచో, అది ఈ జాలీద్వారమున వచ్చుచున్నదని తెలియును. తగ్గకున్నచో లోపలనే పుట్టుచున్నది, లేదా వేరొక రంధ్రమున వచ్చుచున్నది. పైసా వ్యయము లేని యీ పరీక్షతో కారణముల పట్టిక ఒక్కసారిగా సగమునకు తగ్గును. ఐనను దీనిని చేసి చూచి షెడ్డునకు వచ్చువారు అరుదు.

రెండవ త్రోవ ఇంజనునకును లోపలి గదికిని నడుమనున్న ఇనుపగోడలోని రంధ్రములు. వైర్లును, కేబుళ్ళును దూరు ఈ రంధ్రములకు రబ్బరు బిరడా లుండును. క్రొత్త స్పీకర్లకో, దొంగతనపు గంటకో వైరు దూర్చునప్పుడు బిరడాను చీల్చి వదలుట సామాన్యముగా జరుగుచున్నది. మూడవ త్రోవ వెనుకభాగము. కదలు వాహనము వెనుక గాలియొత్తిడి తగ్గి, సైలెన్సరు పొగ ఆ చోటనే సుడులు తిరుగుచుండును. డిక్కీ రబ్బరు చెడినను, పెద్ద సామానుకై డిక్కీ తలుపును సగము తెరచి త్రాటితో కట్టినను ఆ పొగ లోనికి పీల్చబడును. పొగతో వచ్చు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు; చమురు వాసన యచ్చట ఒక హెచ్చరిక మాత్రమే. తలనొప్పి, వికారము తోడైనప్పుడు అద్దములు దింపి బండి నాపి దిగవలెనే గాని గమ్యము చేరిన తరువాత చూతమని సాగిపోరాదు.

ఈ తీరమునకు ప్రత్యేకమైన కారణములు

సార్వత్రికములైన పై కారణములకు తోడు నెల్లూరు తీరమునకు తనవైన కొన్ని కారణములు కలవు. మొదటిది ఉప్పుగాలి. సముద్రపు తేమలోని లవణము ఇనుమును వేగముగా తినివేయును. తీరపు గ్రామములలో నిలుచు బండ్లకు ఆయిలు చాంబరు రేకు, పెట్రోలు పోయు గొట్టము, నేలరేకు అతుకులు లోతట్టు బండ్లకంటె ముందు శిథిలమగును. నేలరేకున సూదిబెజ్జమంత తుప్పురంధ్రము చాలును, క్రిందనుండు సైలెన్సరు అతుకు పొగ పైకి వచ్చుటకు. ఇచ్చటి బండ్లను ర్యాంపుమీద నెక్కించి క్రిందినుండి చూచుట విలాసము కాదు, విధి.

రెండవది ఎండ. రబ్బరు వేడికి గట్టిపడి, సాగుటను కోల్పోయి, పగుళ్ళు వాఱును. రసాయన పరిణామముల వేగము వేడిమి ప్రతి పది డిగ్రీల హెచ్చునకు సుమారు రెట్టింపగునను స్థూలసూత్రమును స్మరించినచో, కత్తెర యెండలో తారురోడ్డుమీద నిలిచిన బండి బోనెట్టు క్రింది రబ్బరు ఏల త్వరగా ముసలిదగునో తెలియును. దీనికితోడు మన పెట్రోలులో ఎథనాలు పాలు 2022లో నూటికి 10 వంతులకును, 2025లో 20 వంతులకును పెరిగినది. అందుకు తగిన రబ్బరుతో నిర్మింపబడని పాతబండ్ల ఇంధనపు గొట్టములను ఏటేట వంచి చూచి, పగుళ్ళున్నచో మార్చుట మంచిది.

మూడవది జీవనోపాధి. 2009లో వెన్నామీ రొయ్యకు అనుమతి లభించినది మొదలు తీరమండలములలో చెరువుల సేద్యము విస్తరించినది. కరెంటు పోయిన క్షణమున ఏరియేటర్లు ఆగినచో పంట దక్కదు గావున, జనరేటరుకు డీజిలు డబ్బాలను రైతులు తమ కార్లలోనే తెచ్చుకొందురు. డబ్బా మూతనుండి జారిన పావులీటరు డీజిలు డిక్కీ చాపక్రిందికి ఇంకి, నెలల తరబడి ఎండవేళల నెల్ల ఆవిరులు విడుచుచుండును. ఇంజనంతయు విప్పినను దొరకని వాసన, చాప నెత్తి దాని క్రింది దూదిపట్టాను ముక్కునకు చేర్చగనే పట్టుబడును. ఇట్టి బండికి మెకానిక్కుతో పనిలేదు. పట్టాను మార్చుటయు, డబ్బాను బిగుతైన మూతతో ట్రాలీబండిలో తెచ్చుటయు మందు.

నాల్గవది పరిసరము. 2008లో క్రొత్త రేవు ప్రారంభమైన నాటినుండి కృష్ణపట్నమునకు వంటనూనెలు ఓడలలో వచ్చుచున్నవి; ముత్తుకూరు మండలమున పంటపాలెము ప్రాంతమున నూనెశుద్ధి కర్మాగారములు వెలసినవి; నూనె ట్యాంకర్లు, బొగ్గు లారీలు ఆ దారిన నిరంతరము తిరుగుచున్నవి. ఆ మార్గమున వచ్చు వాసన మన బండిది కాకపోవచ్చును. ఊరు దాటి పొలములగాలిలోనికి వచ్చిన తరువాతను అది నిలిచియున్నదా యని చూచుటయే దానికి పరీక్ష. అయిదవది వరద. 2021 నవంబరున పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు ప్రాంతములను ముంచినప్పటి వలె నీట నిలిచిన బండికి గేరుబాక్సు శ్వాసరంధ్రమున నీరు చేరి, చమురు పాలవలె తెల్లబడి, నురుగై వెలికి వచ్చును. నీట మునిగిన బండిని కొనువారు, వాడువారు ఈ చమురులను మొదట మార్పింపవలెను.

అన్వేషణ పద్ధతుల గుణదోషములు

వాడుకలోనున్న పద్ధతులలో అత్యంత ప్రాచుర్యము గలది అనుమానించిన భాగమును మార్చి చూచుట. అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేతిలో ఇది తరచు ఫలించును. ఒకే రకపు బండ్లను వందలుగా చూచినవానికి ఏ బండి ఎక్కడ కారునో తెలిసియుండును, ఆ జ్ఞానమును తక్కువచేయుట అన్యాయము. ఐనను ఫలింపనప్పుడు ఏమి నేర్చుకొంటిమని అడిగినచో ఈ పద్ధతి సమాధానము చెప్పలేదు. మార్చిన భాగము మంచిదో చెడ్డదో తెలియక మునుపే అది చెత్తబుట్టను చేరును.

రెండవది ఇంజనును కడిగి, ఆరబెట్టి, కొంతదూరము నడిపి చూచుట. పాతజిడ్డుమీద క్రొత్త కారుడు కనబడదు గావున ఈ పద్ధతి సూత్రప్రాయముగా ఉత్తమమైనది. వాటర్ సర్వీసువారి వడిగల నీటిధార వైర్ల ప్లగ్గులలోనికి చేరి క్రొత్తబండ్లలో వేరు చిక్కులు తెచ్చిపెట్టును గావున, జిడ్డు కరగించు ద్రవమును బ్రష్షుతో పూసి గుడ్డతో తుడుచుట మేలు. తుడిచిన చోట పౌడరు చల్లి నడిపినచో, కారుడు మొదలైన చోట తడిగీత స్పష్టముగా తేలును. కారిన చమురు క్రిందికిని, గాలివేగమున వెనుకకును ప్రాకును గావున తడిసిన ప్రదేశములలో మిక్కిలి పైదియు, మిక్కిలి ముందుదియు నగు చోటునే మూలముగా గ్రహింపవలెను. రాత్రి బండిక్రింద అట్టముక్క పఱచుటయు మంచిదే గాని, పైన చెప్పినట్లు మరక పడిన చోటు వాసన పుట్టినచోటు కానక్కరలేదు.

మూడవది చమురులో మెఱయు రంగును కలిపి, కొన్ని దినములు నడిపి, అతినీలలోహిత దీపముతో చీకటిలో చూచుట. ఇంజను వెనుకభాగమున, చేయి దూరని చోట కారు సన్నని ఊటలను ఇంత నిశ్చయముగా చూపు పద్ధతి వేరొకటి లేదు. అంతటి లోతునకు పోవలసినవి కొన్ని బండ్లే గావున, తక్కిన మార్గములు విఫలమైనపిమ్మట దీనిని అవలంబింపవచ్చును. ఎగ్జాస్టు, ఇంధనపు ఆవిరుల గొట్టములకు పొగ నెక్కించి చూచు యంత్రము నాల్గవది. ద్రవముగా కారక వాయువుగా మాత్రము వెలువడు లోపములకు ఇది యుచితము.

కంప్యూటరు తగిలించి లోపసంకేతములు చదువుటను కొందరు సర్వరోగనివారిణిగా భావించుచున్నారు. ఇంధనపు ఆవిరుల వ్యవస్థలోని కొన్ని లోపములను అది చూపగలదు. గ్యాస్కెట్టు చెంత ఊరు చమురును మాత్రము ఏ సెన్సారును పసిగట్టదు. సంకేతము లేదని చెప్పి వాసన లేదనుట సాక్షి చూడలేదని నేరమే జరుగలేదనుటతో సమానము.

కారణమునకు కారణము

కారుచోటు దొరకినంతమాత్రమున విచారణ ముగిసినదని తలంపరాదు. ఇంజను నడచునప్పుడు పిస్టనుల ప్రక్కలనుండి కొంత వాయువు క్రింది గదిలోనికి దిగును. పూర్వపు ఇంజనులలో ఆ వాయువును ఒక గొట్టము నేరుగా రోడ్డుమీదికి వదలెడిది. 1960ల ఆరంభమున కాలిఫోర్నియాలో దానిని మరల ఇంజనులోనికే పంపవలెనను నియమము వచ్చి, క్రమముగా ప్రపంచమంతట వ్యాపించెను. ఆ పనిచేయు పీసీవీ వాల్వు గాని, బ్రీదర్ పైపు గాని జిడ్డుతో పూడుకొనినచో లోపలి యొత్తిడి హెచ్చి, ఎక్కడ రబ్బరు బలహీనమో అక్కడ చమురును వెలికి నెట్టును. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అని పిలుచునది ఈ యొత్తిడినే. పిస్టన్ రింగులు అరిగినను ఫల మిదియే. ఇట్టి బండికి క్రొత్త గ్యాస్కెట్టు వేసినచో కొన్ని నెలలకు అదియు కారును. దానిని మార్చినచో వేరొక సీలు కారును. గ్యాస్కెట్టు నాసిరకమని దూషించుటకంటె, ఇంజను నడచుచుండగా చమురు పోయు మూత తీసి, వెలువడు వాయువు బలమును చేతితో పరీక్షించుట మేలు.

బిగింపులోను వివేకము కావలెను. టాపెట్ కవర్ బోల్టులకు స్వల్పమైన బలమే నిర్దేశింపబడును. కారుచున్నదని మరింత బిగించినచో కవరు వంగి, రబ్బరు నలిగి, కారుడు పెరుగును. అతుకుపేస్టు నధికముగా పూసినచో లోపలివైపు ఉబికినది తెగిపడి, చాంబరు అడుగున చమురు పీల్చు జల్లెడను పూడ్చి ఇంజనునకే ముప్పు తెచ్చును. మరమ్మతు ముగిసిన తరువాత మానిఫోల్డుమీద మిగిలిన పాతచమురు కాలిపోవుటకు కొన్ని ప్రయాణములు పట్టును. ఈ విషయమును ముందుగా చెప్పకుండినచో యజమాని మరమ్మతు విఫలమైనదని వేరొక షెడ్డునకు పోవును, అచ్చట మరల మొదటినుండి ఆరంభమగును.

1950ల చివరనుండి 2014 వరకు మన రోడ్లనేలిన అంబాసిడరు కాలమున ఈ విచారణకు ఇంత ప్రసక్తి లేకుండెను. దాని 1489 సీసీ ఇంజనునకు బెండు గ్యాస్కెట్లును, క్రాంకు వెనుకవైపున రబ్బరు సీలుకు బదులు చమురును వెనుకకు మరలించు మరగాడియు నుండుటచే కొంత కారుట సహజమని అందరును అంగీకరించిరి. నేటి బండ్లలో అద్దములు మూసి ఏసీ వేసికొని గంటలకొలది ప్రయాణము చేయుచున్నాము గావున, లోనికి వచ్చిన ఆవిరి బయటికి పోవుట లేదు. నాడు సహింపబడిన వాసన నేడు ఆరోగ్యవిషయమైనది.

నిగమనము

ఈ సమీక్షవలన తేలిన క్రమ మిది. మొదట అపాయమును నిర్ణయింపవలెను: పచ్చి పెట్రోలు వాసన యైనచో ఇంజను నార్పి, దీపపు మీటలు తాకక, బండిని నెట్టి బయట నిలుపవలెను, పొగవాసనతో తల తిరిగినచో వెంటనే దిగవలెను, వైరు కాలు వాసన యైనచో బ్యాటరీ తీగ విప్పవలెను. కాలిన చమురైనచో డిప్‌స్టిక్కు చూచి, మట్టము సరిగా నున్నయెడల నెమ్మదిగా షెడ్డు చేరవచ్చును. తరువాత స్వభావమును, సమయమును ఒక కాగితముమీద వ్రాసికొనవలెను: చల్లని ఇంజనునకా, వేడి ఇంజనునకా, ఆగినప్పుడా, పరుగుననా, ట్యాంకు నింపిన దినముననా, డబ్బా తెచ్చిన దినముననా. పిమ్మట ఏసీ మీటతో మార్గమును పరీక్షించి, డిక్కీ చాపను, కాళ్ళక్రింది చాపను ఎత్తి చూడవలెను. ఇవన్నియు యజమాని తానే చేయదగినవి. అటుపిమ్మటనే తుడుచుట, పౌడరు చల్లుట, ర్యాంపు నెక్కించుట, రంగు కలుపుట. కారుచోటు దొరకిన తరువాత బ్రీదరు పరీక్ష. ఆ పిదప మరమ్మతు.

మెకానిక్కులకు నేర్పు ఐ.టి.ఐ.లలో భాగములను విప్పి బిగించుటతోపాటు ఇట్టి ప్రశ్న లడుగుటయు పాఠముగా నుండవలెనని నా దృఢమైన కోరిక. షెడ్డు బిల్లులో “గ్యాస్కెట్టు మార్చబడినది” అని మాత్రమే గాక “మానిఫోల్డుపై చమురు పడుచుండెను, బ్రీదరు పూడియుండెను” అని కారణము కూడ వ్రాయు ఆచారము వచ్చినచో, మరుసటిసారి అదే బండిని చూచువానికి ఆ కాగితమే ఆధారమగును. యజమానికి తా నిచ్చిన ధనము దేనికో తెలియును. పనివాని నేర్పు పదిమందికి పాఠమగును. ఉప్పుగాలియు, ఎండయు, డీజిలు డబ్బాలును ఈ తీరమును విడిచిపోవునవి కావు గావున ఈ ఫిర్యాదు కూడ విడిచిపోదు, కాని దానిని విన్నంతనే పానా అందుకొనుటకు మారుగా “ఎప్పుడు వస్తా ఉంది?” అని అడుగు మెకానిక్కును, ఆ ప్రశ్నకు సిద్ధముగా సమాధానము చెప్పగల యజమానియు కలసినచోట ఆ వాసన యెంతో కాలము దాగియుండజాలదు.